ఆకుపచ్చ పక్షాన మా బావ

మొన్న మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, ఇంటి కారుకు బ్రేకులు మార్పించడానికి గ్యారేజీలుండే అల్ రాయ్‌కి వెళ్ళి, పని అయ్యేదాకా ఎక్కడైనా నీడన నిలబడదామని వెనక సందులోకి నడిచాను. అక్కడ ఒకప్పుడు ఒక పంజాబీ ముసలాయన వెల్డింగు షెడ్డు ఉండేది. ఇప్పుడు దాన్ని పడగొడుతున్నారు. రేకులు ఒక పక్కకు, ఇనుము ఒక పక్కకు వేరుచేసి లారీకెత్తుతున్నారు. నన్ను స్థలం వాళ్ళ మనిషిననుకున్నారేమో, పనివాళ్ళు చేతిలో పని ఆపి నావైపు చూశారు. ఏమీ లేదని చెయ్యి ఊపి వచ్చేశాను గానీ, ఆ రోజంతా నా మనసు మా బావా నేనూ ఆ షెడ్డు ముందు నిలబడి గోలు స్తంభాలు అతికించుకున్న మధ్యాహ్నం దగ్గరే ఉండిపోయింది.

మా బావ అంటే మా అక్క భర్త. రాయచోటి దగ్గర పల్లె మాది. నేను కువైట్ వచ్చిన కొత్తలో ఒక ఇంగ్లీషు బడిలో బస్సు డ్రైవరుగా చేరాను, ఆ తరువాత అదే బడిలో మైదానం చూసుకునే పనికి బావను పిలిపించుకున్నాను. పచ్చిక్కి నీళ్ళు పెట్టడం, సున్నంతో గీతలు గీయడం, బంతులు లెక్కచూసి గదిలో పెట్టి తాళం వెయ్యడం ఆయన పని. ఫర్వానియాలో ఒక గది మా మకాం. గదిలో ఇంకా మా జిల్లావాళ్ళే ఉండేవారు, కానీ బావా బామ్మర్దులం ఒకే గదిలో ఉంటే మిగతావాళ్ళకు వేరే కాలక్షేపం ఎందుకని అందరూ నవ్వేవారు. అన్నంలో నీళ్ళెక్కువయ్యాయన్న దగ్గర్నుంచి ఫ్యాను ఎటు తిరగాలన్న దాకా మాకు తగువే. మా అక్క ఫోను చేసి, ఈ పూట దేనికి కొట్టుకున్నారని అడిగేది.

ఆ బడిలో ఐర్లండు దేశపు ఉపాధ్యాయులు చాలామంది ఉండేవారు. వాళ్ళకొక ఆట ఉంది. ఫుట్‌బాలే అంటారు గానీ చేతుల్తోనూ పట్టుకుంటారు, నాలుగడుగులు వేసి నేలకు కొడతారు, లేదా కాలిమీద తట్టి మళ్ళీ చేతిలోకి తీసుకుంటారు, ఎగిరి ఒకరి భుజాలమీద ఒకరు పడతారు. అడ్డకర్ర పైనుంచి పోతే ఒక పాయింటు, కిందినుంచి వలలో పడితే మూడు. అందుకే వాళ్ళ గోలుకు స్తంభాలు ఆకాశంలోకి పొడుగ్గా ఉండాలి. బడిలో ఉన్నవి మామూలు పొట్టి గోలు స్తంభాలు. ఇనుప గొట్టాలు తెచ్చి వాటిని పైకి పొడిగించే పని బావ తలకెత్తుకున్నాడు. గొట్టాలను బస్సు పైన కట్టుకుని అల్ రాయ్ తీసుకెళ్ళాం. అవి సరిగ్గా నిటారుగా వచ్చేదాకా ఆ పంజాబీ ముసలాయన్ను బావ వదల్లేదు. తన పొలానికి కంచె వేస్తున్నంత శ్రద్ధగా ఒక కన్ను మూసి చూస్తూ, ఇంకాస్త, ఇంకాస్త అంటూ ఆయన చేత అతుకు విప్పించి మళ్ళీ వేయించాడు.

ఆ ఆటలో మాకు నచ్చినది ఇంకొకటుంది. వాళ్ళ దేశంలో ప్రతి జిల్లాకూ ఒక జట్టట. ఎంత గొప్ప ఆటగాడైనా తన జిల్లాకే ఆడతాడట. జీతం లేదు, వేలం లేదు, ఇవాళ ఇక్కడ రేపు అక్కడ అన్నది లేదు. పొద్దున బ్యాంకులోనో బడిలోనో పని చేసుకుని సాయంత్రం ఆడుకోవడమే. ఈ మాటలన్నీ నాకు చెప్పినది మా సారు. ఆయన చరిత్ర చెప్పేవాడు, సన్నగా పొడుగ్గా ఉండేవాడు, రోజూ బస్సులో నా వెనక సీట్లోనే కూర్చునేవాడు. ఆయనది నీలం రంగు జిల్లా. బావతో రోజంతా మైదానంలో ఉండే వ్యాయామం సారుది దాని పక్క జిల్లా, ఆకుపచ్చ. రెండింటికీ మధ్య ఒక ఏరు మాత్రమే అడ్డమట. పక్కపక్క ఊళ్ళవాళ్ళకున్నంత పంతం దూరపువాళ్ళకు ఉండదు గదా, పోటీలు మొదలైతే ఆ ఇద్దరూ బస్సులో చెరొక చివర కూర్చునేవారు. బడి మెట్ల దగ్గర దిగగానే మళ్ళీ ఒకరి సిగరెట్టు ఒకరు ముట్టించుకునేవారు.

మాకూ అదే చాలింది. నేను నీలం పట్టాను, బావ ఆకుపచ్చ పట్టాడు. జెండా రంగును బట్టి మనిషిని తూచడం మా జిల్లా వాళ్ళకు కొత్తేమీ కాదు గనుక గదిలో మిగతావాళ్ళు కూడా మెల్లగా చెరో పక్షం చేరిపోయారు. జన్మలో చూడబోని ఆ రెండు జిల్లాల కోసం ఫర్వానియాలో ఒక గదిలో కడప జిల్లా మనుషులు ఎంత అరుచుకున్నారో తలుచుకుంటే ఇప్పటికీ నాకు వింతగా ఉంటుంది. నా నీలం జట్టు తరచుగా గెలిచేది. బావ ఆకుపచ్చ జట్టు ఎప్పుడూ చివరిదాకా వచ్చి ఓడిపోయేది. ఓడిన రోజున బావ మాట్లాడకుండా తిని, తన కంచంతో పాటు నా కంచం కూడా కడిగేవాడు. అది మా ఒప్పందం. ఎన్నాళ్ళిలా ఓడేవాళ్ళ వెంట తిరుగుతావు, మా వైపు వచ్చెయ్ బావా అని ఒకసారి అన్నాను.

"మీ యక్క కంటే బాగా వండేదాన్ని చూసినానని కాపురం మార్చుకుంటానా రా?" అన్నాడు. గదంతా నవ్వింది.

ఇంకొక సంగతి చెప్పాలి. నేను ఆయన్ను బావా, బావా అని పిలవడం విని, అదే ఆయన పేరనుకుని బడిలో అందరూ బావా అనే పిలిచేవారు. వ్యాయామం సారు మైదానం ఈ చివర్నుంచి ఆ చివరికి వినిపించేలా బావా అని కేకేస్తే, బావ నీళ్ళ గొట్టం వదిలేసి పరుగెత్తేవాడు. ఈ దేశంలో నాకు ఇంతమంది బామ్మర్దులున్నారని మీ అక్కకు చెప్పొద్దురా అని నాతో గొణిగేవాడు.

ఒక ఎండాకాలం, టీచర్లంతా సెలవులకు వాళ్ళ దేశం పోయి ఉన్నప్పుడు, బావకు కడుపులో నొప్పి మొదలయింది. నాకు చెప్పలేదు. ఎండదెబ్బేనని మజ్జిగ తాగుతూ గడిపాడు. కళ్ళు పచ్చబడ్డాక నేను బలవంతంగా ఆస్పత్రికి తీసుకువెళ్ళాను. ఈజిప్టు డాక్టరొకాయన నన్ను వేరే గదిలోకి పిలిచి, కాలేయానికి పట్టిన జబ్బు చాలా దూరం పోయిందని, ఈ స్థితిలో విమానం ఎక్కించడం కూడా ప్రమాదమని, కాస్త కోలుకుంటే అప్పుడు ఇంటికి పంపిద్దామని నిదానంగా చెప్పాడు. ఆ కాస్త కోలుకోవడం కోసం వారాల తరబడి ఎదురుచూశాం. బావ మాటలు తగ్గిపోయాయి. అక్క ఫోను చేస్తే ఊ అనేవాడు. నేను కావాలని ఏదో ఒకదానికి తగువు పెట్టుకున్నా, సరేలే అని గోడవైపు తిరిగేవాడు. నాకు అన్నిటికంటే భయం వేసింది ఆ సరేలేకే.

సెప్టెంబరులో బడి తెరిచారు. అప్పట్లో వాళ్ళ ఆఖరి ఆట ఆ నెలలోనే ఉండేది. ఆ ఏడు ఆఖరి ఆటకు వచ్చినవి నీలం, ఆకుపచ్చ. ఈ వార్త వ్యాయామం సారు స్వయంగా వార్డుకు వచ్చి చెప్పాడు. బావ దిండుమీద నుంచి తల ఎత్తి, నావైపు చూసి, చాలా రోజుల తరువాత మీసం దువ్వుకున్నాడు.

ఆట ముందురోజు మా అక్క ఫోను చేసింది. జబ్బు సంగతి ఆమెకు అప్పటికి పూర్తిగా చెప్పేశాను. ఆమె ఏడవలేదు. ఆయనకు మిగిలిన ఆశ ఆ ఆట ఒక్కటే అని నువ్వే అన్నావు గదా అంది. "ఓడినా సరే, ఆయన జట్టే గెలిచిందని చెప్పురా. నా కోసరం చెప్పు," అంది. సరేనక్కా అన్నాను.

ఆదివారం సాయంత్రం ఐర్లండు వాళ్ళంతా ఒకచోట చేరి పెద్ద తెరమీద ఆట చూసుకుంటుంటే, ఆ సందడంతా వదులుకుని వ్యాయామం సారు ఆకుపచ్చ చొక్కాతో వార్డుకు వచ్చాడు. మా సారూ వచ్చాడు, నీలం చొక్కాతో. వ్యాయామం సారును చూపిస్తూ, గెలిచినప్పుడు వీడి మొహం చూడకపోతే నాకు ఆనందం ఏముంటుందని నాతో అన్నాడు. మలయాళీ నర్సమ్మ మా ముగ్గురికీ కుర్చీలు తెచ్చి వేసింది. ఫోనులో రేడియో వ్యాఖ్యానం పెట్టి బావ దిండు పక్కన ఉంచారు. ఆ మాటలు బావకు అర్థమయ్యేవి కావు గానీ, చెప్పేవాడి గొంతు లేచేటప్పుడు మాత్రం వ్యాయామం సారు మొహం చూసి తెలుసుకునేవాడు. సగం ఆటకు ఆకుపచ్చ ముందుంది. బావ నా చెయ్యి గిల్లాడు. ఆ తరువాత నొప్పి ఎక్కువై ఇంజెక్షను ఇచ్చారు, దాంతో మత్తులోకి జారిపోయాడు.

చివరి నిమిషంలో నీలం ఒక్క పాయింటుతో గెలిచింది. మా సారు కుర్చీలోంచి సగం లేచి, నిద్రపోతున్న బావను చూసి, ఎత్తిన చేతులు మెల్లగా దించేసి కూర్చున్నాడు. ముగ్గురం వరండాలోకి వచ్చాం. నేను మా అక్క కోరిన మాట చెప్పాను. మా సారు వెంటనే ఒప్పుకున్నాడు. నీలం ఓడిపోయిందని తానే నోరారా చెబుతానన్నాడు. వ్యాయామం సారు మాత్రం తల అడ్డంగా ఊపాడు. నాకు వచ్చిన ఇంగ్లీషులో ఆయన మాటలు నాకు అర్థమైనంతవరకు ఇవి: "ఇన్నేళ్ళూ మాతో కలిసి ఓడినవాడు బావ. ఈ రోజు మేమంతా ఓడి, అతనొక్కడూ గెలిస్తే, అతను మాలో ఎక్కడుంటాడు? చెప్పడం నీ ఇష్టం. నేను మాత్రం అతని మొహం చూసి అబద్ధం చెప్పలేను."

అక్కకు ఇచ్చిన మాట ఒకవైపు, ఈ మనిషి మాట ఒకవైపు. లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. కాసేపటికి బావ కళ్ళు తెరిచాడు.

"ఏమాయెరా?"

అబద్ధం నాలుక చివర్నే ఉంది. కానీ ఆయన నన్ను చూస్తున్న చూపు రోగి చూపు కాదు, గదిలో కంచం ముందు కూర్చుని నన్ను చూసే బావ చూపు. "ఒక్క పాయింటుతో పోయింది బావా," అన్నాను.

కళ్ళు పైకప్పు వైపు తిప్పాడు. తప్పు చేశానేమోననుకున్నాను. తరువాత నావైపు తిరిగి, "ఆ రెఫరీ మీ సారుకు సుట్టమేమో కనుక్కో," అన్నాడు.

ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పగానే వ్యాయామం సారు వరండాలోంచి ఒక్క అంగలో లోపలికొచ్చాడు. అవును, ఆ చివరి పాయింటు అన్యాయమే అన్నాడు. మా సారు కాదన్నాడు. నేనూ కాదన్నాను. బావ మోచేతి మీద లేచి, చూడని ఆట గురించి, తెలియని భాషలో చెప్పిన వ్యాఖ్యానం గురించి, వేలు చూపిస్తూ వాదించాడు. నర్సమ్మ వచ్చి కోప్పడేదాకా ఆపలేదు. ఆ తరువాత ఆకలవుతోందన్నాడు. గంజి తాగుతూ అక్కకు ఫోను కలిపించుకుని, రెఫరీ చేసిన మోసమంతా ఆమెకు మొదటినుంచి చెప్పాడు. "వచ్చే యాడాది చూస్కుందాం లే," అని ఫోను నాకిచ్చాడు. ఆ మాటకు ఇద్దరు సార్లూ తలలూపారు. మా సారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆ వారం దాటలేదు, బావ పోయాడు.

ఊరికి పంపేముందు శవాగారం దగ్గర కాగితాల పని జరుగుతుంటే ఇద్దరు సార్లూ బడి మానుకుని వచ్చారు. అక్కడి ఉద్యోగి పాస్‌పోర్టులో ఉన్న పేరు గట్టిగా చదివాడు. వ్యాయామం సారు కదల్లేదు. మనవంతు ఇంకా రాలేదేమోనన్నట్టు కూర్చునే ఉన్నాడు. అదే బావ పేరని నేను చెబితే ఆయన నావైపు తెల్లబోయి చూశాడు. మరి బావ అంటే ఏమిటని అడిగాడు. అక్క మొగుడని చెప్పాను. అయితే నేను ఇన్నాళ్ళూ పిలిచింది... అని ఆగిపోయాడు. పెట్టె మీద చెయ్యి వేసి, ఆ పాస్‌పోర్టు పేరుతో కాక, ఎప్పటిలాగే బావా అని పిలిచాడు, ఈసారి చాలా మెల్లగా.

పెట్టెతో పాటు నేనూ మద్రాసుకు, అక్కణ్ణుంచి ఊరికి వెళ్ళాను. కర్మలన్నీ అయిపోయాక, మాట తప్పానని అక్కకు చెప్పబోతే ఆమే నన్ను ఆపింది. "ఆ పొద్దు ఫోనులో ఆయన గొంతు ఆయనదే అనిపించిందిరా. అన్నాళ్ళూ ఎవరో జబ్బుమనిషితో మాట్లాడినట్టుండె," అంది.

కొన్నేళ్ళకు ఆకుపచ్చ జట్టు గెలిచింది. వ్యాయామం సారు అప్పటికే వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు, మా సారు ఇంకో దేశంలో ఉద్యోగానికి వెళ్ళాడు. నేనూ బడి మాని ఇళ్ళలో డ్రైవరునయ్యాను. ఫోనులో చూసి తెలుసుకున్నాను. ఓడినది నా నీలమే. కోపం రాలేదు, సంతోషమూ రాలేదు. అక్కకు ఫోను చేసి, బావ వాళ్ళు గెలిచారక్కా అన్నాను. ఆ మనిషుండి ఉంటే ఈ పొద్దు నిన్ను కునుకు తీయనిచ్చేవాడు కాదు గదరా అంది.

ఇప్పుడు ఆ ఆఖరి ఆటను జూలైకి మార్చారట. టీచర్లు ఈ దేశంలో లేని నెల. నా గదిలో ఇప్పుడున్నవాళ్ళంతా మంచి పిల్లలు. సాయంత్రం ఎవరి మంచం మీద వాళ్ళు, ఎవరి చెవిలో వాళ్ళు తీగ పెట్టుకుని, ఎవరి ఆట వాళ్ళు చూసుకుంటారు. ఒకడు హఠాత్తుగా నవ్వుతాడు, ఒకడు తల పట్టుకుంటాడు, ఎందుకో పక్కవాడికి తెలియదు. పెద్దవాణ్ణని నన్నందరూ గౌరవంగానే చూస్తారు. ఫ్యాను ఎటు తిప్పమంటే అటు తిప్పుతారు. కూరలో ఉప్పెక్కువయిందంటే అవునన్నా అంటారు, తక్కువయిందన్నా అవునన్నా అంటారు. మొన్న అల్ రాయ్ నుంచి వచ్చాక బావ సంగతి వాళ్ళకు చెప్పి, ఆ చివరి పాయింటు న్యాయమైనదేనని ఇప్పటికీ నా నమ్మకం అన్నాను. సరే అన్నా అన్నారు. ఒక్కడంటే ఒక్కడైనా కాదని వాదించలేదు.