అక్క అందించిన పళ్ళెం

మొన్న ఆదివారం రాజమండ్రిలోని మా ప్రార్థన మందిరంలో రొట్టె ముక్కల పళ్ళెం చేతులు మారుతూ నా దాకా వచ్చినప్పుడు, పక్కన కూర్చున్న పాతికేళ్ళ అమ్మాయి, "ఈ రొట్టెను దీవించే ప్రార్థన ఎప్పుడూ మగవాళ్ళే ఎందుకు చెప్పాలి ఆంటీ? మనం చెబితే ఏమవుతుంది?" అని నా చెవిలో అడిగింది. ఏమవుతుందో నాకు తెలుసు. పళ్ళెం ఆమెకిచ్చేసి తల వంచుకున్నాను.

తొంభైలలో నేను బహ్రెయిన్‌లో నర్సుగా ఉండేదాన్ని. ఇక్కడే మోర్మన్ క్రైస్తవ విశ్వాసంలో బాప్తిస్మం తీసుకుని వెళ్ళిన నాకు అక్కడ మావాళ్ళు దొరుకుతారన్న ఆశ లేదు. తీరా చూస్తే హూరా అనే పేటలో ఒక అద్దె ఇంట్లో, ఆ దేశంలో సెలవు శుక్రవారం కాబట్టి శుక్రవారమే, ఓ పాతికమంది కూడేవారు. నేను కాక తెలుగు వచ్చింది ఒక్కరికే, జుఫైర్ ప్రాంతంలో ఓ హోటల్లో లాండ్రీ పని చేసే కరీంనగర్ ఆవిడకి. అందరూ సిస్టర్ అంటే నేను అక్కా అనేదాన్ని. ఆ ఇంటి తాళాలు అక్క దగ్గరే ఉండేవి. ఊడవడం, రొట్టె తేవడం, పళ్ళెం కడగడం, చిన్న కప్పుల్లో నీళ్ళు నింపడం మా ఆడవాళ్ళ పని. ఆ రొట్టెనూ నీళ్ళనూ ఆశీర్వదించే ప్రార్థన మాత్రం యాజకత్వం అనే అధికారం పొందిన మగవాళ్ళది. అందులో తప్పుందని అప్పట్లో నాకు తోచనేలేదు, మీలో చాలామందికి మీ మీ ఇళ్ళలో తోచనట్టే.

ఒక శుక్రవారం ఊళ్ళో గొడవలు. కాలుతున్న టైర్ల వాసన కిటికీల్లోంచి వస్తోంది, రోడ్లు మూసేశారు, మా మగవాళ్ళలో ఎక్కువమంది పనిచేసే నౌకా స్థావరంలోంచి ఎవరినీ బయటికి వదల్లేదు. నలుగురు ఆడవాళ్ళం మాత్రం సందుల్లో పడి వచ్చి మగవాళ్ళ కోసం రెండు గంటలు ఎదురుచూశాం. భయమో మరేమో, నేనే నోరు జారాను, ప్రార్థన నువ్వు చెప్పక్కా అని. "నేనెట్ల జెప్త పిల్లా? తెలిస్తే ఊకుంటరా?" అంటూనే అక్క మోకరించి తెలుగులో ప్రార్థించింది. ఆ రోజు తిన్నంత ప్రశాంతంగా ఆ రొట్టె నేనెప్పుడూ తినలేదు.

మూడు వారాలు ఎవరూ ఏమీ అనలేదు. నాలుగో శుక్రవారం మా శాఖ నాయకుడు, చాలా నెమ్మదైన మనిషి, నన్ను ఒక్కదాన్నే లోపలి గదికి పిలిచి తలుపు మూశాడు. మా యోగ్యతను పరీక్షించే ఇంటర్వ్యూ అది, అక్కడ అబద్ధమాడకూడదని మాకు నూరిపోశారు. మగవాళ్ళు రాని రోజు మేం రొట్టె తిన్నామని ఎలా తెలిసిందో, ఆ రోజు ప్రార్థన ఎవరు చేశారని అడిగాడు. అక్క అన్నాను. ఎవరు చేయమన్నారని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ముగ్గురు మగవాళ్ళు కూర్చుని అక్కను విచారించారు. తాళాలు తీసుకుని, ఏడాదిపాటు రొట్టె ముట్టకూడదన్నారు. అయినా ఆమె ప్రతి శుక్రవారం వచ్చి నా పక్కనే కూర్చునేది. పళ్ళెం ముందు ఆమె చేతికి వచ్చేది, ఒక్క ముక్కైనా తీయకుండా నాకు అందించేది, నేను తినేదాన్ని. విచారణలో ఆమె నా పేరు చెప్పలేదని, రొట్టె తినకుండా నన్నెవరూ ఆపకపోవడంతో తెలిసింది. ఏడాది నిండకముందే కాంట్రాక్టు అయిపోయి వెళ్ళిపోయింది, వెళ్ళేటప్పుడు కూడా నన్నొక మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇప్పటి ఆడపిల్లలు నోరు తెరిచి అడుగుతున్నారు, మేం మనసులో కూడా అడగనివి. ఆ ఇంటర్వ్యూ గది తలుపు మాత్రం ఇక్కడా అలాగే మూసుకుంటుంది. నిన్న ఇక్కడి నాయకుడు ఫోన్ చేశాడు, ఆ అమ్మాయి ఏమేం మాట్లాడుతోందో కనుక్కోవాలట, ఆదివారం కాస్త ముందుగా రమ్మన్నాడు. వస్తానన్నాను. అక్క పేరు చెప్పిన నోటితో ఈసారి ఆ అమ్మాయి పేరు కంటే ముందుగా నా పేరు చెప్పాలి, ఆనాడు అక్కను ప్రార్థన చేయమన్నది నేనేనని. చెబుతానో లేదోనన్న భయం నిన్నటి నుంచి నన్ను వదలడం లేదు.