లూజు బోల్టు

బెణికిన నా భుజం కాస్త కుదుటపడ్డాక, తేలిక వింటితో ఆర్చరీ సాధన మళ్లీ మొదలుపెట్టమన్నాడు డాక్టరు. పోటీల్లో వాడే నా కాంపౌండు వింటికి పైనొకటి, కిందొకటి బోల్టులుంటాయి. రెంటినీ సమానంగా వదులు చేస్తే నారి తేలిగ్గా వస్తుంది. రిసాలిలోని మా స్టీలు ప్లాంటు క్వార్టర్లో రోజూ సాయంత్రం రెండేసి చుట్లు వదులు చేసేదాన్ని. పొద్దున్న లాగితే మళ్లీ అదే బరువు! ఇక నా భుజం పనికిరాదని ఏడ్చాను.

వారానికి దొంగ దొరికాడు. ప్లాంటులో ఫిట్టరైన మా నాన్న, రాత్రి డ్యూటీకి వెళ్తూ నా బోల్టులు బిగిస్తున్నాడు.

"ఏటి నాన్నా ఇది?"

"లూజు బోల్టు కనబడితే ఒగ్గీమంటావేటి?"

"డాక్టరే లూజు చెయ్యమన్నాడు, నా భుజం కోసం!"

నాన్న నా భుజాన్ని జాలిగా తడిమాడు.

"దీనికీ ఓ బోల్టుంటే ఎప్పుడో బిగించీవోణ్ణమ్మా."