అటుపక్క బ్రష్ చప్పుడు

నరసాపురంలో సలోమి వాళ్ళమ్మ ఇప్పటికీ నవ్వుతుందట, "ఊడవడానికి కెనడా దాకా పోవాలటే?" అని. ఆవిడకేం తెలుసు! కర్లింగ్ ఆటలో ఊడవడమంటే ఇల్లు చిమ్మడం కాదు. మంచు మీద రాయి జారుతూ వస్తుంటే, దానికి జానెడు ముందు, బ్రష్ మీద ఒళ్ళంతా వాల్చి గబగబా రుద్దాలి. మంచు పైపైన వెచ్చబడి రాయి ఇంకో నాలుగడుగులు పోతుంది. బ్రష్ మాత్రం రాయికి తగలకూడదు. తగిలితే, ఎవరూ చూడకపోయినా, తగిలించినవాళ్ళే ఒప్పుకోవాలి. ఈ ఆటలో అది మర్యాద.

సలోమి 2022లో చదువుకని సస్కటూన్ వచ్చింది. ఆ ఏడు మా చర్చి మన పిల్లలతో కిటకిటలాడింది. కాఫీ షాపు పనిలో నిలబడి నిలబడి కాళ్ళు వాచినా, శనివారం పొద్దున్నే రూమ్మేట్ హోప్‌తో కలిసి మా కర్లింగ్ క్లబ్బుకు వచ్చేది. ఇద్దరూ రాయికి చెరోపక్క ఊడుస్తుంటే, అవతలి చివర నిలబడి "హర్రీ! హర్రీ!" అని గొంతు చించుకునే కెప్టెన్ని నేను. నా నోటికి జడిసే వాళ్ళు అంత బాగా ఊడుస్తారని గొప్పలు పోయేవాణ్ణి.

మరుసటేడు క్రిస్మస్ కప్పు గెలిచాం. మర్నాడే హోప్ ఎక్కిన కారు మంచురోడ్డు మీద జారి, ఆ పిల్ల పోయింది.

జనవరిలో సలోమి ఒక్కతే ఊడ్చింది. మా టీమ్‌లోని ఎరిక్ వదిలిన రాయి, ఇద్దరు ఊడిస్తే ఎంత దూరం వస్తుందో అంత దూరమూ వచ్చింది. అటుపక్క నుంచి కూడా బ్రష్ రుద్దుతున్న చప్పుడు విన్నాను. వంగి చూస్తే మంచు మీద రెండు తడి చారలున్నాయి. అయినా గెలుస్తున్నాం కదాని నోరు మూసుకున్నాను, సిగ్గులేని మనిషిని. వారం వారం అదే వరస.

చివరికి ఉండబట్టలేక అడిగేశాను. "అటుపక్క ఎవరమ్మా?"

"హోపే, అంకుల్." సలోమి తడబడలేదు. "ఫైనల్లో నా బ్రష్ రాయికి టచ్ అయ్యింది. అది చూసేసింది. 'చెప్పవే' అంది. రేపు చెప్తాలే అన్నాను. ఇంకా వెయిట్ చేస్తోంది."

"మరి చెప్పేయొచ్చుగా?"

"చెప్తే వెళ్ళిపోద్ది కదా అంకుల్."

నాకు ఏడుపొచ్చింది. అంతకన్నా ఎక్కువ భయం వేసింది. ఆమె వెనక గోడకు ఆనించిన హోప్ బ్రష్‌ను క్రిస్మస్ నుంచి ఎవరూ ముట్టలేదు. దాని నుంచి నీళ్ళు కారుతున్నాయి.

ఫిబ్రవరిలో ఓ శనివారం, ఆటకు ముందు, సలోమి ఆ కప్పు తెచ్చి, ఫైనల్లో ఓడిన టీమ్ చేతిలో పెట్టింది. తన తప్పు చెప్పింది. వాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల మాత్రం తన పక్కనున్న ఖాళీ చోటునే చూస్తూ నిలబడింది.

ఎరిక్ మొదటి రాయి వదిలాడు. సలోమి ప్రాణం పెట్టి ఊడ్చింది. ఒక్క బ్రష్ చప్పుడే వినిపించింది. రాయి నాకు నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది. సలోమి ఆగలేదు. అటుపక్కకు మారి, హోప్ నిలబడే చోట నిలబడి, ఒట్టి మంచును ఊడుస్తూనే ఉంది.

ఇక చాలమ్మా అని కేకెయ్యాలి. నాకు నోరు పెగల్లేదు.