మేడమ్ గారి రక్తంలో మూడు ముక్కలు

మొన్న ఆదివారం ఉదయం పెంటపాడు నుంచి మా జువాలజీ మేడమ్ గారి భర్త ఫోన్ చేశారు. "ఇంక లేదమ్మా" అన్నారు, అంతే. ఆ మాట వినాల్సి వస్తుందేమోనని పది నెలలుగా ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాను. వినేశాక కూడా ఆ దడ తగ్గలేదు.

తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదివేటప్పుడు నాకు సైన్సు రుచి చూపించింది ఆవిడే. కొల్లేరు నుంచి నత్తలూ చేపపిల్లలూ తెప్పించి సీసాల్లో పెట్టించేవారు. చీటీ లేని సీసా కనిపిస్తే ఊరుకునేవారు కాదు. "ముందు చీటీ అంటించండి. తర్వాత గుర్తుంటుందిలే అనుకుంటే ఏదీ గుర్తుండదు" అనేవారు. మెత్తగానే అనేవారు, అయినా మాకు హడలు.

నేను హైదరాబాదులో జన్యు పరీక్షల ల్యాబ్‌లో చేరాక ఆవిడకి పేగు క్యాన్సర్ వచ్చింది. ఏలూరులో ఆపరేషన్ చేశారు. గండం గడిచిందనుకుంటుండగా, బయట చేయించిన ఒక రక్తపరీక్షలో ఆ గడ్డ తాలూకు జన్యు మార్పు లీలగా కనిపించిందని రిపోర్టు వచ్చింది. మేడమ్ గారే నాకు ఫోన్ చేశారు.

"లీలగా అంటే ఏంటమ్మా? ఉన్నట్టా, లేనట్టా?"

వెళ్లి, పక్కన కూర్చుని చెప్పాను. రక్తంలో దొరికే డీఎన్ఏ ముక్కలు చాలా కొంచెం. చదవాలంటే వాటికి బోలెడన్ని కాపీలు తియ్యాలి. కాపీ తీసేటప్పుడు ఒక్క అక్షరం తప్పు పడినా అది జబ్బులాగే కనిపిస్తుంది. అందుకని మా ల్యాబ్‌లో కాపీ తియ్యకముందే ఒక్కో ముక్కకీ ఒక్కో గుర్తు తగిలిస్తాం. ఒకే గుర్తున్న కాపీలన్నీ ఒకే ముక్కవి. మార్పు వాటిలో ఏ ఒకటి రెండిట్లోనో ఉంటే కాపీలో దొర్లిన తప్పు. అన్నిట్లోనూ ఉంటే అసలు ముక్కలోనే ఉన్నట్టు.

"అయితే మీరూ ముందే చీటీ అంటిస్తారన్నమాట" అన్నారు. ఆ రోజంతటికీ ఆవిడ నవ్వింది అప్పుడొక్కసారే.

మళ్లీ రక్తం తీయించి మా ల్యాబ్‌కి పంపించాం. ఫలితం తెరిచి చూస్తే మార్పు ఒకటి రెండు కాపీల్లోనే ఉంది. కాపీ తప్పే! వెంటనే ఆవిడకి ఫోన్‌లో చెప్పాను. అంతా విని, "అన్నం తిన్నావా?" అని అడిగారు.

మరుసటి ఏడాది ఇంకోసారి పరీక్ష చేశాం. ఈసారి ఆ మార్పు మూడు ముక్కల్లో ఉంది. మూడింటికీ వేరువేరు గుర్తులు. ఏ గుర్తు కింద చూసినా కాపీలన్నిట్లోనూ అదే మార్పు. ఎక్కడైనా పొరపాటు దొరుకుతుందేమోనని మళ్లీ మళ్లీ తిరగేశాను. తప్పులు పట్టడమే ఉద్యోగమైన దాన్ని, ఒక్క తప్పు దొరకాలని దేవుడికి మొక్కుకున్నాను.

"ఎన్ని?" అన్నారు మేడమ్ గారు, ఫోన్ చేసి చెప్పగానే.

"మూడండీ."

"మూడేనా..." అన్నారు. "భయమేస్తోందమ్మా. దాచకుండా చెప్పావు, అది చాలు."

మళ్లీ మందులు మొదలుపెట్టారు. ఆ తర్వాత పది నెలలు ఉన్నారు.

ఆ మూడు ముక్కలు బయటపడిన పరీక్షకి రక్తం ఇచ్చిన రోజే నాకు పదేపదే గుర్తొస్తోంది. ఏలూరు నుంచి కారులో తిరిగొస్తున్నాం. మోచెయ్యి మడిచి, లోపల దూదిని రెండో చేత్తో నొక్కిపట్టుకుని, కిటికీలోంచి చేపల చెరువుల వైపు చూస్తూ కూర్చున్నారు. రక్తం ఆగి చాలాసేపయింది.

"ఇక తీసెయ్యొచ్చండీ" అన్నాను.

"ఇంకాసేపు ఉండనీ అమ్మా" అన్నారు. ఇల్లు చేరేదాకా ఆ చెయ్యి అలాగే మడిచి ఉంచారు.