తోమాగారి వీపు, పధ్నాలుగు రాళ్లు

రాజులు కత్తులు దూయడాన్ని, దొరలు సంతకాలు పెట్టడాన్ని చరిత్ర జాగ్రత్తగా రాసిపెట్టుకుంది గానీ, నర్సీపట్నం మండలాఫీసు సర్వేయరు తోమాగారు వీపు రుద్దుకోవడాన్ని ఏ గ్రంథమూ పట్టించుకోలేదు. ఇది ఆ గ్రంథాల లోపం. 1997 ఏప్రిల్‌లో ఒక మంగళవారం, మధ్యాహ్నం పన్నెండు దాటాక, కొయ్యూరు వెళ్లే దారిలో ఒక కొండ దిగువన, ఆయన తన వీపును ఒక నిలువురాతికి ఆనించి, కళ్లు మూసుకుని, ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి పదకొండుసార్లు రుద్దుకున్నారు. ఆ రుద్దుడుతో మొదలైన యుగం నాలుగేళ్లు సాగింది. అందులో ఒక కరపత్రం, ఒక పత్రికా వార్త, ఒక విచారణ సంఘం ఉన్నాయి.

ఆ రాయి ఒంటరిది కాదు. మెట్ట పొలం మధ్య పధ్నాలుగు రాళ్లు గుండ్రంగా నిలబడి ఉంటాయి. పదమూడు మోకాలెత్తువి, ఒకటి మనిషెత్తుది. ఎవరు నిలబెట్టారో, ఎప్పుడు నిలబెట్టారో కాగితాల్లో లేదు. పట్నంలో చదువుకున్నవాళ్లు వాటిని రాక్షసుల కాలం నాటివనేవారు. సర్వేలో గొలుసు పట్టడానికి కొండమీద నుంచి దిగి వచ్చే బాలన్న మాత్రం మరోలా చెప్పేవాడు.

"పాతకాలపోళ్ల గోరీలండి బాబూ. సచ్చిపోయినోళ్లు కింద పడుకున్నారు. ఆళ్ల మానాన ఆళ్లని ఒగ్గేయాల."

ఆ రాళ్ల గురించి తెలిసి మాట్లాడినవాడు అతనొక్కడే. అందుకే కాబోలు, తర్వాత నాలుగేళ్లలో అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

తోమాగారి గురించి రెండు సంగతులు ముందే చెప్పాలి. మొదటిది, గంజి. ఆయన తాత మిషన్ బంగళాలో బట్టలు చూసుకునేవాడు. చొక్కాకి గంజి ఎలా పట్టించాలో, ఎంత చిక్కగా పట్టించాలో అక్కడి దొరసాని దగ్గర నేర్చుకున్నాడు. బాప్తిస్మం తర్వాత ఆ వంశానికి దక్కిన రెండో గౌరవం అదే. మూడు తరాల తర్వాత కూడా తోమాగారి భార్య దయావతి చేతిలో చొక్కా తడిసి, ఎండి, ఇస్త్రీ అయిందంటే, లోపల మనిషి లేకపోయినా కాసేపు నిలబడేది. చర్చికి వచ్చే పెద్దింటి మగవాళ్లందరివీ అలాంటి చొక్కాలే. పొలాల గట్ల మీద గొలుసు పరిచేటప్పుడు కూడా ఆయన అదే గంజి చొక్కాతో నడిచేవారు. వెనక నడిచే బాలన్న, ఆ చొక్కా తాటాకులాగ సప్పుడు సేత్తాందని ఒకటి రెండుసార్లు అన్నాడు. ఆ మాటను తోమాగారు పొగడ్తగా తీసుకున్నారు.

రెండోది, పళ్లెం. నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభు బల్ల జరిగేటప్పుడు, ద్రాక్షరసం పోసిన నలభై ఎనిమిది చిన్న గాజు గ్లాసుల పళ్లెం బెంచీ బెంచీకి తీసుకెళ్లేది తోమాగారే. పందొమ్మిదేళ్లలో ఒక్క చుక్క ఒలకలేదు. ఆఫీసులో ఆయనకి రావలసిన ప్రమోషన్ రెండుసార్లు వేరేవాళ్లకి వెళ్లింది. రెండుసార్లూ ఆయన అర్జీ పెట్టుకోలేదు. మొదటి ఆదివారం చేతిలో పళ్లెం ఉంటే చాలనుకునే మనిషి.

ఇక దురద. అది ఎండాకాలంలో, రెండు భుజాల మధ్య, చెయ్యి అందని చోట పుట్టేది. తోమాగారు దురదగొండి తీగను అనుమానించారు. తర్వాత చెట్టుచీమలను, గొలుసు తుప్పును అనుమానించారు. వేపాకు నీళ్లు పోసుకున్నారు, పౌడరు చల్లుకున్నారు, మూడు రకాల ఆయింట్‌మెంట్లు రాయించుకున్నారు. చివరికి ఆ నిలువురాయి దొరికింది. దాని గరుకు సరిగ్గా ఆయన వీపు కోసమే చెక్కినట్టుండేది.

మొదటి రోజున ఆ దృశ్యాన్ని చింతపండు బుట్టతో సంతకి వెళ్తున్న లోవమ్మ చూసింది. ఆఫీసరు బాబు రాతికి ఆనుకుని ఉన్నాడు. కళ్లు మూతలు పడ్డాయి, మొహంలో పరలోకం కనిపిస్తోంది. పెదాలు కదులుతున్నాయి, ఎందుకంటే తోమాగారికి హాయిగా ఉన్నప్పుడు కీర్తన కూనిరాగం తీసే అలవాటుంది. లోవమ్మకి చాలాకాలంగా నడుం నొప్పి. ఆయన వెళ్లాక బుట్ట దించి, తనూ ఆనుకుని పొద్దు వాలేదాకా నిలబడింది. నొప్పి తగ్గింది. నెత్తిన బరువు లేకుండా అంతసేపు నిలబడటం ఆమెకి ఆ ఏడాదిలో అదే మొదటిసారి అన్న సంగతి లోకం లెక్కలోకి తీసుకోలేదు.

ఆ కబురు సంతకి చేరింది. సంత నుంచి మంగరాజుగారికి చేరింది. ఆయన కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ధ్యానం, పిరమిడ్లు, రాగి కడియాలు అన్నీ చూసేసి, ఇంకేం మిగిలిందా అని చూస్తున్నారు. వచ్చి నిలువురాతికి టెస్టరు ఆనించారు. వెలగలేదు. ఇది మామూలు కరెంటు కాదని అప్పుడే తేల్చేశారు. చెప్పులతో నిలబడితే ఎర్తింగ్ సరిగా అందదని, ఉత్తి కాళ్లతో నిలబడాలని, వీపు రాతికి ఆనాలని, ఎడమ నుంచి కుడికి పదకొండుసార్లని, కూనిరాగం తప్పనిసరని కరపత్రం రాసి జిరాక్సు తీయించారు. ఏడాది తిరిగేసరికి ఆదివారాలు యలమంచిలి నుంచి కూడా వ్యాన్లు వచ్చేవి.

తోమాగారు మొదట నవ్వుకున్నారు. తర్వాత చికాకు పడ్డారు. గొలుసు పరిచే చోట నలుగురు కళ్లు మూసుకుని నిలబడుతుంటే కొలత సాగేది కాదు. ఒకరోజు వెళ్లి మంగరాజుగారికి ఉన్న విషయం చెప్పేశారు.

"తోమాగారూ, మీరు దాస్తున్నారని నాకు తెలుసండి. పెద్దోళ్లు ఎప్పుడూ దాస్తారు."

"దాయడానికి ఏటుందండీ? దురద. ఉత్తి వీపు దురద."

"అదేనండీ నాననేది. మనం దాన్ని శక్తి అంటాం, వీపు దాన్ని దురద అంటాది."

కరపత్రం రెండో కూర్పులో 'దురద దశ' అనే కొత్త పేరా చేరింది. సాధకుడికి ముందు దురద కలుగుతుంది, భయపడరాదు అని.

అప్పటినుంచి తోమాగారి జీవితం వివరణల్లో గడిచిపోయింది. అవి సమాధులని, కింద ఎముకలూ కుండలూ తప్ప ఏమీ ఉండవని, అక్కడొక బోర్డు పెట్టించమని పైఆఫీసుకి మూడు ఉత్తరాలు రాశారు. ఒక్కదానికీ జవాబు రాలేదు. సమాధులని తెలిశాక జనం పెరిగారు. పోయినవాళ్ల శక్తి కూడా కలిసిందట. పత్రికవాళ్లకి కబురు పెట్టి, తనకే శక్తీ తెలియదని ఒక గంటసేపు చెప్పారు. మర్నాడు జిల్లా పేజీలో 'శిలా రహస్యం విప్పేందుకు సర్వేయర్ నిరాకరణ' అని వచ్చింది, ఫోటోతో సహా. ఫోటోలో ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు. రెండువేల సంవత్సరం వస్తే రాళ్ల శక్తి రెట్టింపవుతుందని మంగరాజుగారు లెక్కగట్టిన రోజులవి.

2000 జనవరిలో ఆ పేపరు ముక్క చర్చి కార్యదర్శి క్రిస్టఫర్‌గారి బల్ల మీదికి చేరింది. క్రిస్టఫర్‌గారు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. తోమాగారికి ఎనిమిదో తరగతిలో లెక్కలు చెప్పారు. ఆయన ముందు నిలబడితే తోమాగారికి యాభై రెండేళ్ల వయసులోనూ చేతులు వాటంతటవే కట్టుకునేవి.

"దురదైతే ఇంట్లో గోడ లేదా, తోమా?"

"ఇంట్లో దురద పుట్టదండి. పొలంలోనే పుడతాది."

"రాళ్ల దగ్గరే పుడతాదన్నమాట."

అది నిజమే. విగ్రహారాధన అన్న మాట మినిట్స్ పుస్తకంలో ఎక్కలేదు గానీ, విషయం తేలేవరకు పళ్లెం ఆయన చేతికి ఇవ్వరాదని ఎక్కింది. ఫిబ్రవరి నుంచి పళ్లెం క్రిస్టఫర్‌గారే పట్టారు. వృద్ధాప్యం వల్ల చేతులు వణికి, గ్లాసులు గలగలమనేవి. వెనక బెంచీలో కూర్చున్న తోమాగారికి ఆ గలగల పళ్ల మీద నడిచినట్టుండేది. ఒలికిన ప్రతి చుక్కా ఆయన లెక్కపెట్టుకున్నారు. మే నెలకి పదిహేడయ్యాయి.

దయావతి ఆ మొదటి శనివారమే గంజి గిన్నె బోర్లించేసింది.

"పళ్లెం లేని మనిషికి గంజెందుకండి?" అంది, అంతే. పనిరోజుల చొక్కాలక్కూడా పెట్టలేదు. తోమాగారు మెత్తటి చొక్కాల్లో, ఎవరో కొట్టిన మనిషిలాగ తిరిగారు. ఆ ఎండాకాలం కొలతలకి కొయ్యూరు దారిలోకి వెళ్లినా రాళ్ల వైపు చూడలేదు. జనం పౌరుషం అనుకున్నారు. ఆయనా అదే అనుకున్నారు.

విచారణ సంఘం అంటే క్రిస్టఫర్‌గారు, చర్చి అయ్యగారు, స్త్రీల సమాజం రాచెల్‌గారు. ముగ్గురికీ తీరిక కుదిరేసరికి 2001 ఏప్రిల్ వచ్చింది. తోమాగారే బతిమాలారు. మధ్యాహ్నం ఎండలో నాతో నడిచి రండి, ఆ దురద ఎలాటిదో మీ కళ్లతో చూడండి, చూశాక కూడా శక్తి అంటే పళ్లెం మళ్లీ అడగనన్నారు. ఆటో రోడ్డు దగ్గర ఆగిపోయింది. అక్కడినుంచి మూడు కిలోమీటర్లు గట్ల మీద నడక. క్రిస్టఫర్‌గారు విచారణకి తగినట్టు తెల్లటి గంజి చొక్కా, మెడదాకా బొత్తాలు పెట్టుకుని వచ్చారు. బాలన్న దారి చూపాడు.

రాళ్ల దగ్గర మంగరాజుగారి శిష్యులు ఆరుగురున్నారు. తోమాగారిని చూసి చేతులు జోడించారు. ఆ నమస్కారం కేసుకి మంచిది కాదు. తోమాగారు నిలువురాతి ముందు నిలబడి, వీపులో దురద కోసం ఎదురుచూశారు.

రాలేదు.

ఐదు నిమిషాలు చూశారు. చెమట పట్టింది, కాళ్లు కాలాయి, దురద మాత్రం లేదు. ఏళ్ల తరబడి అక్కర్లేకపోయినా వచ్చిన దురద, అవసరమైన రోజున ఎగ్గొట్టింది. అబద్ధంగానైనా రుద్దుకుందామని ఆనారు. అది ఎలా చేసేవారో వీపే మరిచిపోయింది. అటూ ఇటూ రెండుసార్లు కదిలి ఆగిపోయారు.

"దురదేదీ?" అని క్రిస్టఫర్‌గారు అడిగారు.

"రాలేదండి."

శిష్యుల్లో ఒకడు, తోమాగారు దురద దశ దాటేశారని పక్కవాడితో మెల్లగా అన్నాడు. రాచెల్‌గారు గొడుగు ఇటు నుంచి అటు మార్చుకున్నారు. చర్చి అయ్యగారు మోకాలెత్తు రాయి మీద కూర్చోబోయి, కమిటీ ఉందని గుర్తొచ్చి లేచారు.

తోమాగారు వలయం దాటి, దూరంగా బాలన్న కూర్చున్న గట్టు మీద కూలబడ్డారు. ఏం చెప్పినా తిరగబడే నాలుగేళ్లు ఒక్కసారి మీద పడ్డాయి. నిజం చెప్తే రహస్యమన్నారు, కోప్పడితే మహిమన్నారు, ఆఖరికి ఒంట్లో ఉన్న ఒక్క సాక్షీ పలకలేదు. పళ్లెం ఇంక రాదని ఆయనకి అర్థమైపోయింది.

అప్పుడు బాలన్న మోచేత్తో పొడిచాడు.

నిలువురాతికి అవతలి పక్క, శిష్యులకీ అయ్యగారికీ కనబడని చోట, క్రిస్టఫర్‌గారు ఉన్నారు. వీపు రాతికి ఆని ఉంది. కళ్లు మూతలు పడ్డాయి. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి, ఏ తొందరా లేకుండా సాగుతున్నారు. పెదాల మీద ఏదో కీర్తన కూడా ఉన్నట్టే ఉంది.

"ఎడ్మాస్టరు బాబుక్కూడా అదే గావాల," అన్నాడు బాలన్న. "తెల్ల సొక్కా బాబులందరికీ వత్తాది. మాకు రాదు."

క్రిస్టఫర్‌గారు కళ్లు తెరిచారు. ఎదురుగా గట్టు మీద తన ఎనిమిదో తరగతి శిష్యుడు. తోమాగారి చేతులు ఈసారి వాటంతటవి కట్టుకోలేదు. క్రిస్టఫర్‌గారు చొక్కా సర్దుకుని గట్టు దగ్గరికి నడిచి వచ్చారు.

"ఇది మినిట్స్‌లో రాయక్కర్లేదు, తోమా."

మినిట్స్‌లో రెండు లైన్లే రాశారు: స్థలం చూడడమైనది. తప్పు కనబడలేదు.

మే మొదటి ఆదివారానికి పళ్లెం తిరిగొచ్చింది. ముందురోజు దయావతి గంజి గిన్నె తిప్పి, పదిహేను నెలల బెంగంతా కలిపి కాచింది. తెల్లచొక్కా ఇస్త్రీ పెట్టె కింద రేకులాగ సాగింది. మర్నాడు పాట లేచేసరికి తోమాగారు నలభై ఎనిమిది గ్లాసుల పళ్లెం రెండు చేతులా పట్టుకుని మొదటి బెంచీ దాటారు. చర్చిలో గలగల లేదు. దయావతి కళ్లు తుడుచుకుంది. పళ్లెం రెండో బెంచీ దాటింది. మూడో బెంచీ దగ్గర, రెండు భుజాల మధ్య, చెయ్యి అందని చోట, అది వచ్చింది.

ఆయన కదలలేదు. రెండు చేతులూ పళ్లెం మీదున్నాయి. ముందు బెంచీలో క్రిస్టఫర్‌గారు తన గంజి చొక్కాతో బెంచీ వెనకబల్లకి ఆనుకుని, నెమ్మదిగా, ఎడమ నుంచి కుడికి కదులుతున్నారు. తోమాగారు పళ్లు బిగించి నాలుగో బెంచీకి వెళ్లారు. ఆ రోజు ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

గంజి పెట్టని ఆ పదిహేను నెలల్లో ఆయన వీపు ఒక్కసారి కూడా దురద పెట్టలేదు.