ప్లేగును ఆపిన మదాం కెర్విల్

మా ప్లూగార్ ఊళ్లో, మూడొందల ఏళ్ల కిందటి ప్లేగును ఒంటిచేత్తో ఆపిన మనిషి ఒకరున్నారు. నవ్వకండి. చదువు అబ్బక బడి మానేసినవాణ్నే గాని, ఈ సంగతి మా పంతుళ్లందరికంటే నాకే బాగా తెలుసు. ఆవిడ రోజూ నా ఆపిల్ కల్లు దుకాణంలో, కిటికీ పక్కన కూర్చునే రాసేది.

అజెలిన్ కెర్విల్ పేపర్లో చారిత్రక నవలలు సీరియల్‌గా రాసేది. ఆవిడ చంపినంతమందిని ఏ రాజూ చంపి ఉండడు. పాత్రలకు పేర్లు శ్మశానంలో ఏరుకునేది. మా దగ్గర సమాధికి ముప్పై ఏళ్లే గడువు. ఆ తర్వాత డబ్బు కట్టకపోతే మునిసిపాలిటీ వాళ్లు రాయి మీద చీటీ అంటించి, ఎముకలు తీసి అందరి గోతిలో కలిపేస్తారు. చీటీ పడ్డ పేర్లే ఈవిడ కథల్లోకి వచ్చేవి. మా తాతను ఒక నవలలో సేనాపతిని చేసింది. బతికున్నప్పుడు ఆయన మాట మేకలు కూడా వినేవి కావు.

మా ఊరి పాత ప్లేగు మీద ఆవిడ నవల రాస్తున్న ఏడు సొలెన్ సమాధి మీద చీటీ పడింది. సొలెన్ ఆవిడ కూతురే. గొంతు పూడుకుపోయి ఆరేళ్లకే పోయింది. గడువు పొడిగించే స్తోమత ఆవిడకు లేదు. రాయి పీకేశారు. ఆ వారమే ఆ నవలలో, తోళ్లవాళ్ల వీధిలో, సొలెన్ అనే ఆరేళ్ల పిల్ల కనబడింది. ఆ వీధిలో ఒక్క పిల్ల కూడా మిగల్లేదని మొదటి భాగంలో రాసింది ఆవిడే.

ఊరంతా ఖాళీ అయిపోతున్నా ఆ వీధికి మాత్రం ప్లేగు రాదు. సొలెన్ సూప్ తాగుతుంది, కోడిపిల్లల్ని తరుముతుంది, నిద్రపోతుంది. వారం వారం ఇదే. ఈ పిల్ల ఇంకా చావదేమిటని నా దుకాణంలో జనం సణిగారు.

చివరికి సంపాదకుడు గిల్లెర్మ్ వచ్చి ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.

"చరిత్రను మార్చకూడదని నాకు పాఠం చెప్పింది మీరే కదా, మదాం. ఆ వీధిలో పిల్లలెవరూ మిగల్లేదు."

"తెలుసు."

"మరి రాసెయ్యండి. నాలుగు వాక్యాలు చాలు."

ఆవిడ కలానికి మూత పెట్టేసి, కోటు తొడుక్కుని వెళ్లిపోయింది.

మంగళవారం పేపర్లో ఇంకెవరో ఆ నాలుగు వాక్యాలూ రాసేశారు. పేపరు ఒక్కటీ మిగల్లేదు. నా దుకాణంలో అందరూ ఏడ్చారు, మామూలు కంటే ఎక్కువే తాగారు. ఆవిడ చేత మళ్లీ ఎవరూ రాయించలేదు.

నేను మాత్రం ఊరికొచ్చిన ప్రతివాడికీ, ప్లేగును ఆపిన మనిషి ఈవిడేనని చూపిస్తుంటాను. మొన్న ఒకడు నిజంగానే లేచి టోపీ తీశాడు. ఆవిడ గ్లాసు మీంచి తలెత్తలేదు.

"నేనేం ఆపలేదయ్యా. ప్లేగు మంగళవారం వచ్చింది. నేను రాయలేదు, అంతే."