అమ్మ చిగుళ్ళు

నేనేం ఉద్యోగం చేస్తానో మా ఇంట్లో ఎవరూ బయట చెప్పరు. గుంటూరులో పళ్ళ డాక్టర్లు చేస్తున్న ఒక పరిశోధనలో పని అంటే వినడానికి గౌరవంగానే ఉంటుంది. ఏం పని అని రెండో ప్రశ్న వేస్తేనే చిక్కు. ఊరూరా తిరిగి జనం ఉమ్మి పోగుచేస్తాను. చిన్న ప్లాస్టిక్ గొట్టంలో పట్టి, మూత బిగించి, పేరుకు బదులు ఒక అంకె రాసి, ఐసు పెట్టెలో పెట్టి ల్యాబుకు చేరుస్తాను. ఇలాంటి ఉద్యోగం చేసే పిల్లకు పెళ్ళి సంబంధాలు ఎలా వస్తాయన్నది మా మేనత్త బెంగ. ఆ సంగతి ఇక్కడ అనవసరం.

మాది పెదకాకాని దగ్గర ఊరు. నాన్న శివాలయంలో అర్చకులు. స్వామికి రోజూ పెట్టే నైవేద్యం మా ఇంట్లోనే అమ్మ మడి కట్టుకుని వండుతుంది. ఆ వంట రుచి చూడకూడదు. ఉప్పు సరిపోయిందో లేదో కంటితోనే తెలుసుకోవాలి. ఎంగిలి అన్న మాట మా ఇంట్లో రోజుకు ఇరవై సార్లయినా వినిపిస్తుంది. అలాంటి ఇంట్లో పుట్టి నేను ఈ పనికి కుదిరాను. సాయంత్రం ఇంటికి రాగానే దొడ్డి గుమ్మంలోంచి వచ్చి, స్నానం చేశాకే వంటింటి వైపు చూడాలి. చేతులకు తొడుగులు వేసుకుంటానమ్మా అని ఎన్నిసార్లు చెప్పినా, "తొడుగులు చేతులకే కదుటే, మిగతా మనిషివి నువ్వేగా?" అనేది.

నిరుడు కార్తీక మాసంలో దర్శి వైపు ఊళ్ళలో తిరిగాం. పత్తి తీతలు జరుగుతున్న రోజులు. ఆడవాళ్ళు దొరికేది పొద్దున్నే పొలానికి వెళ్ళే ముందు, లేదా మధ్యాహ్నం అన్నాల వేళకు గట్టు మీద. తినకముందే ఉమ్మి పట్టాలి కాబట్టి క్యారియర్ మూత తీయబోయే వాళ్ళను ఆపి గొట్టం చేతికిచ్చేదాన్ని. తిట్టకుండా ఎలా ఉంటారు?

"ఏందమ్మా, నెత్తురు తీసేవాళ్ళను చూశాం గానీ ఉమ్మి అడిగేవాళ్ళను నిన్నే చూట్టం" అంది ఒకావిడ. "తీసకపోయి ఏం జేసుకుంటారు?"

నేను నా పాఠం అప్పజెప్పేదాన్ని. నోటి జబ్బు నోట్లోనే ఆగిపోదు. చిగుళ్ళు పాడైతే షుగరు ఒక పట్టాన దిగదు, షుగరు ఎక్కువైతే చిగుళ్ళు మానవు. ఒకదాన్నొకటి ఎగదోస్తుంటాయి. గుండెకూ దీనికీ కూడా సంబంధం ఉందంటున్నారు, అది ఎంతవరకన్నది ఇంకా తేలాలి. ఒంట్లో జరిగేవాటి జాడలు కొన్ని ఉమ్మిలో కూడా కనిపిస్తాయి కాబట్టి, సూది గుచ్చకుండా ముందే పసిగట్టొచ్చేమోనని మా డాక్టర్ల ఆశ. ఇదంతా చెప్పి మూడు ప్రశ్నలు అడగాలి. చిగుళ్ళ నుంచి రక్తం వస్తుందా? పళ్ళు కదులుతున్నాయా? నోరు ఎండిపోతుందా? లేదు అంటూనే పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళను ఇట్టే పట్టేసి, నోరు తెరిపించి చూస్తానని నాకు గొప్ప. ఆ మాట ఆఫీసులో నలుగురి దగ్గరా చెప్పుకునేదాన్ని కూడా.

ఇంట్లో అమ్మ అప్పటికి ఏడాదిగా తాంబూలం ఎక్కువ చేసింది. అంతకుముందు మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక్కసారి వేసుకునేది. ఆ ఏడాది మాత్రం పొద్దుటి నైవేద్యం గుడికి వెళ్ళిందగ్గర నుంచి నోట్లో ఆకు ఉండాల్సిందే. వక్క నోటికి మంచిది కాదని కోప్పడితే, "నీ ప్రశ్నలు ఊళ్ళోవాళ్ళకు వేసుకో" అని నవ్వేసేది. జంతికలు మజ్జిగలో నానేసుకుని తినేది. మంచం పక్కన చెంబుడు నీళ్ళు పెట్టుకునేది. ఇవన్నీ నా కళ్ళ ముందే జరిగాయి. వయసు మీద పడుతోంది కదా అనుకున్నాను, అంతే.

ఆ కార్తీకంలోనే ఒక సోమవారం దర్శి నుంచి మధ్యాహ్నానికే తిరిగొచ్చాను. అమ్మ ఉపవాసం. నక్షత్రాలు కనిపించేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టదు. దొడ్లో కుళాయి దగ్గర నోరు పుక్కిలిస్తోంది. గచ్చు మీద నీళ్ళు ఎర్రగా పారాయి.

నాకు నవ్వొచ్చింది. "ఉపవాసం రోజు తాంబూలమేమిటమ్మా?" అన్నాను, దొరికిపోయావులే అన్నట్టుగా.

అమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "పొరపాటున వేసుకున్నానే. నాన్నగారితో అనకు."

నా నవ్వు ఆగిపోయింది. నూటమూడు జ్వరంతో కూడా ఉపవాసం మానని మనిషి. ఆవిడ పొరపాటున ఆకు నమిలిందంటే నేను నమ్మాలా? లోపలికి వెళ్ళి చూస్తే తమలపాకుల పళ్ళెంలో నిన్న సాయంత్రం తెచ్చిన ఆకులు కట్ట విప్పకుండా వాడిపోయి ఉన్నాయి. ఉపవాసం భంగం చేశానన్న అపవాదైనా నెత్తిన వేసుకుంటుంది గానీ అసలు సంగతి చెప్పదు.

"నోరు చూపించు" అన్నాను. చూపించలేదు. నాకు కోపం ఆగలేదు. ముక్కూమొహం తెలియనివాళ్ళు చూపిస్తారు, నువ్వు చూపించవా అని అరిచాను. అమ్మ గచ్చు మీద చతికిలబడి ఏడ్చింది. నోరు చూపించలేదు గానీ మెల్లిగా సంగతి చెప్పింది. ఏడాది పైనే అయిందట. ఉమ్మిలో నెత్తురు ఎవరి కంటా పడకూడదనే తాంబూలం పెంచిందట.

"నోట్లో నెత్తురు పెట్టుకుని మడి ఎలా కట్టుకుంటానే? తెలిస్తే ఆ వంట నా చేత చేయించరు."

రెండు రోజులు బతిమాలి మా పరిశోధనలో ఉన్న డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. మూడు పళ్ళు తీయాల్సి వచ్చింది. రక్త పరీక్ష చేస్తే షుగరు విపరీతంగా ఉంది. అమ్మకు షుగరన్న సంగతే మాకెవరికీ తెలియదు. ఇంకొన్నాళ్ళు ఇలాగే వదిలేస్తే కళ్ళకో కిడ్నీలకో వచ్చేదని డాక్టరమ్మ అంది. ఆ మూడు ప్రశ్నలు అన్ని ఊళ్ళలో అడిగినదాన్ని, ఇంట్లో ఒక్కసారి అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

నాన్నతో నేనే చెప్పాను. అమ్మ తలుపు పక్కన నిలబడి ఉంది. నాన్న అమ్మ వైపు తిరిగారు.

"ఏడాది నుంచా?" అన్నారు.

"సంప్రోక్షణ ఏమైనా చేయించాలేమోనండీ" అంది అమ్మ, దవడలో దూదితో.

"గొంతులో విషం పెట్టుకుని కూర్చున్నవాడు నీ చిగుళ్ళ నెత్తురుకు మైలపడతాడా?" అన్నారు నాన్న. "నాతో చెప్పకుండా నొప్పి పడ్డావు చూడు, అదీ తప్పు. రేపట్నుంచి నేను వండుతాను. తగ్గాక నువ్వే వండు."

మర్నాడు నాన్న వండిన అన్నం మెత్తగా ముద్దయింది. అమ్మ గుమ్మం అవతల కూర్చుని చూస్తూ, చూడలేక మొహం తిప్పుకుంది. అసలు ఎందుకు దాచావమ్మా, నాన్నకేమో అంత పట్టింపు లేదుగా అని అడిగాను.

"పట్టింపు సంగతి కాదే. ఈ ఇంటికొచ్చి నలభై ఏళ్ళు. పచ్చడి పెడితే కారమన్నారు, పిల్లల్ని పెంచితే గారాబమన్నారు. ఎవరూ వంక పెట్టని పని అదొక్కటే."

నేను అంతకాలమూ దాన్ని చాదస్తం అనుకున్నాను. ఆ మాట విన్నాక అమ్మ ముఖం వైపు చూడలేకపోయాను.

నెల గడిచింది. మాత్రలు వేసుకుంటోంది, షుగరు దిగుతోంది. చిగుళ్ళు బాగానే మానుతున్నాయని డాక్టరమ్మ అంది. ఇక వండొచ్చని నాన్న అన్నారు. ఒక రోజు పొద్దున్నే అమ్మ తలస్నానం చేసి, మడిచీర కట్టుకుని, అగ్గిపెట్టె చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి నన్ను పిలిచింది.

"అమ్మాయ్, ముట్టుకోకుండా దగ్గరికి రా. చూసి నిజం చెప్పు. నువ్వు సరేనంటేనే పొయ్యి వెలిగిస్తాను."

నోరు బాగా తెరిచింది. నేను ఫోన్ లైటు వేసి చూశాను. ఎంతోమంది నోళ్ళు చూశాను గానీ మా అమ్మ నోరు చూడటం అదే మొదటిసారి. పైన చిగుళ్ళు లేత గులాబీ రంగులో, ఆరోగ్యంగా ఉన్నాయి. కింద కుడి పక్క, పన్ను తీసిన చోటుకు ఆనుకుని, ఇంకా ఎర్రగా ఉబ్బి ఉంది. వెనకాల నాన్న కడిగిన ఇత్తడి గిన్నెతో నిలబడ్డారు. తగ్గిందని ఒక్క మాటంటే చాలు. అమ్మ కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి.

"కింద పక్క ఇంకా తగ్గలేదమ్మా" అన్నాను.

అమ్మ నోరు మూసుకుంది. అగ్గిపెట్టె నాన్నకిచ్చింది.

"ఈ వారం కూడా మీరే కానివ్వండి" అంది. నా వైపు తిరిగి, "వచ్చే సోమవారం మళ్ళీ చూడు" అంది.